మంచం ఎవరికి, బండి ఎవరిది

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ఏ పాత వీధిలోకి వెళ్లినా తాళం వేసిన ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. పెద్దవాళ్లు కాలం చేశారు. పిల్లలు విశాఖలోనో హైదరాబాదులోనో సముద్రాల అవతలో ఉన్నారు. ఇల్లు అమ్మాలన్నా అద్దెకివ్వాలన్నా ముందు లోపలి సామాను కదలాలి. ఆస్తి పంపకాల దగ్గర రాని తగువు ఒక్కోసారి మంచం దగ్గర వస్తుంది.

ఈ మాటలు అలాంటి ఇంట్లోవి. అప్ప విజయనగరం పురపాలక పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిగా చేసి రిటైరయింది. తమ్ముడు పంచాయతీరాజ్ ఇంజనీరు, తిత్లీ తుపాను తర్వాత శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పనిచేసినవాడు. శ్రీకాకుళంలో నాన్నగారి ఇల్లు బేరం కుదిరింది. ఒక సేవా సంఘం కుర్రాళ్లు ఆదివారం బండి తెచ్చి, పైసా అడక్కుండా సామాను పట్టుకెళతామన్నారు. ఆ బండి గురించే ఈ వాదన. పేర్లు పెట్టలేదు. చాలా ఇళ్లల్లో ఈ రెండు గొంతులూ ఉన్నాయి.

అప్ప: ఎనిమిదింటికల్లా వచ్చేస్తామన్నార్రా. పందిరి మంచం, చెక్క బీరువాలు రెండూ, భోషాణం, పడక కుర్చీ, సోఫా, నాన్నకి ఆఖర్న కొన్న ఆస్పత్రి మంచం, అన్నీ ఎక్కించేద్దాం. మధ్యాహ్నానికి ఇల్లు ఊడ్చుకోవచ్చు.

తమ్ముడు: ఎవరికిస్తారటప్పా?

అప్ప: లేనివాళ్లకి. ఇంకెవరికిస్తారేటి?

తమ్ముడు: ఏ లేనివాళ్లకి? కాలనీ ఇల్లు ఎంతుంటుందో నీకూ తెలుసు. పట్నంలో సెంటు స్థలం ఇచ్చారు, అందులో 340 చదరపు అడుగుల ఇల్లు. మన పందిరి మంచం అందులో వేస్తే వంటకి చోటు మిగలదు. అసలు గుమ్మంలోంచి పట్టదు. ఇచ్చినవాళ్ల మొహం చూసి కాదనలేక తీసుకుంటారు. నెల తిరక్కుండా అది వాకిట్లో వానకి నానుతూ ఉంటుంది.

అప్ప: అయితే భోగి మంటలో వేసేద్దామంటావా? ప్రతి జనవరిలోనూ చూస్తూనే ఉన్నాను. వీధిలో కుర్రాళ్లు గుమ్మం గుమ్మం తిరిగి విరిగిన కుర్చీలు, పాత తలుపులు పోగేస్తారు. మన వేపు ఇంటికొచ్చి ఊరికే సామాను పట్టుకుపోయే ఏర్పాటు ఇన్నాళ్లూ అదొక్కటే. కాలు ఊడిన టేకు కుర్చీ కూడా అందులో పడిపోతాది. వడ్రంగి ఒక పూటలో బిగించేసి ఉండేవాడు. మా బళ్లో పిల్లలు నేల మీద కూర్చుని రాసుకునే రోజుల్లో ఆ మంటలు చూస్తే నాకు కడుపు తరుక్కుపోయేది.

తమ్ముడు: అక్కడ నీ మాటే నా మాట. ఇప్పటి సామాను కాలిస్తే మరీ ప్రమాదం కూడా. ప్లైవుడ్డు, పార్టికల్ బోర్డు అతికించే జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, పైన రంగులు, సన్‌మైకా. మంట చుట్టూ నిలబడేది చిన్నపిల్లలు. భోగికి పిడకలు చాలు.

అప్ప: మరింకేటి? ఒకళ్లు వచ్చి మోసుకుపోతామంటే అడ్డం పడతావెందుకు?

తమ్ముడు: బండి రాకకి నేను అడ్డం పడటం లేదు. సామాను ఎలా పోతుందో అదే నాకు బాధ. మనకి అక్కరలేనివన్నీ ఎక్కించేసి, దానికి దానమని పేరు పెట్టుకుంటున్నాం. నచికేతుడి కథ నువ్వే కదా మాకు చెప్పేదానివి? తండ్రి యాగం చేసి, వట్టిపోయిన ముసలి ఆవుల్ని దానమిస్తుంటే ఆ పిల్లాడికి మనసొప్పలేదు. ఇలాంటివి ఇస్తే ఏ లోకానికి పోతామని ఆలోచించాడు. ఆ సోఫా చూడు. స్పాంజి దిగిపోయింది, అడుగున చెదలు. మనం కూర్చోలేనిది ఇంకొకళ్లని కూర్చోమంటున్నాం.

అప్ప: సోఫా సంగతి వేరు. పందిరి మంచం మంచి టేకు. బీరువాలు నల్లమద్ది, మేకు దిగదు. అన్నీ ఒకే గాటన కట్టకు.

తమ్ముడు: నేనూ అదే అంటున్నాను, ఒకే గాటన కట్టొద్దనే. నాన్న పోయినప్పుడు శయ్యాదానం చేశాం, గుర్తుందా? మంచం, పరుపు, దిండు, దుప్పటి, గొడుగు, చెప్పులు. అన్నీ కొత్తవి కొన్నాం. పాతది ఇద్దామని ఎవరైనా అంటే నువ్వే ఒప్పుకోవు. పుచ్చుకునే మనిషి రేపటినుంచి వాడుకోవాలని గదా ఆ పద్ధతి. కర్మ రోజున ఉన్న ఆ పట్టింపు ఆదివారం బండి ఎక్కించేటప్పుడు ఎందుకుండకూడదు?

అప్ప: ఉండాలి, కాదనను. కానీ పట్టింపు పెట్టి ఎవరు తిరుగుతార్రా? మా వీధిలో ఒకావిడ ఉంది. కాళ్లు పట్టేసి మేడ దిగలేదు. పిల్లలు అమెరికాలో. పైగదిలో మూడు మంచాలు, ఒక డ్రెస్సింగు బల్ల. ఒకళ్లకి ఇద్దామని ఆరాటం. ఎవరు దింపుతారు? కలాసీల్ని పిలిస్తే రోజు కూలి అడుగుతారు, ఆటో ట్రాలీకి వేరే. ఇచ్చే బుద్ధి ఉన్నా ఇవ్వడానికి చెయ్యి సాగదు. అలాంటివాళ్లకి ఇంటికొచ్చే బండి దేవుడు పంపినట్టే. నీ పట్టింపులు నీలాంటి ఓపికున్నవాళ్లకి.

ఇక్కడ నేను కల్పించుకోక తప్పదు. ఈ వాదనలో నా మనసు ఎక్కువగా తమ్ముడి వైపే ఉంది. అయినా అప్ప చెప్పిన ఈ మాటకి అతని దగ్గర సరైన సమాధానం ఉన్నట్టు నాకు కనిపించలేదు. మన రెండు జిల్లాల్లో పెద్దవాళ్లు ఒంటరిగా మిగిలిన ఇళ్లు ఎన్నెన్నో. వాళ్లతో ముందు సామాను బాగుచేయించండి, తరువాత ఫొటో పంపండి, కొలతలు రాయండి అంటే ఆ సామాను ఆ గదిలోనే చెదపడుతుంది. ఇంటికొచ్చి మోసుకెళ్లడం చిన్న సాయం కాదు. అందరికంటే ముందు సాయం అందవలసినది ఆ ఇచ్చేవాళ్లకే.

తమ్ముడు: నిజమే అప్పా, అలాంటివాళ్లకి బండి ఊరికే రావాలి. మనకెందుకు? ఇల్లు అమ్ముకుంటున్నాం. మనకి ఉచితమైతే ఖర్చు ఇంకొకళ్ల నెత్తిన పడుతుంది. డీజిలు వాళ్లది, మోత వాళ్లది, దించుకోవడానికి చోటు వెతుక్కోవడం వాళ్లదే. ఎవరూ తీసుకోని సోఫాని చివరికి చెత్త కుప్పకి చేర్చే పని కూడా వాళ్లదే. మనింటి చెత్తని ఆ కుర్రాళ్ల చేత మోయిస్తున్నాం. ఇంగ్లండులో సేవా సంస్థలు ఇలాగే ఇంటికొచ్చి సామాను తీసుకెళతాయి. వాళ్లు కూడా అన్నీ తీసుకోరు. సోఫాకి మంట అంటుకోకుండా పరీక్షించిన లేబుల్ లేకపోతే ముట్టుకోరు, 1988లో అక్కడ నిబంధనలొచ్చాయి. కాదనడం చేతనైన సంస్థే నిలబడుతుంది.

అప్ప: ఇక్కడ మున్సిపాలిటీ వాళ్లు కూడా మొదలెట్టారు కదా. పాత వస్తువులు తీసుకుంటామని ట్రిపుల్ ఆర్ సెంటర్ల బోర్డులు పెట్టారు.

తమ్ముడు: 2023 మే నెలలో దేశమంతా పట్టణాల్లో తెరిపించారు. మంచి ఆలోచన. అక్కడ ఇమ్మన్నవి బట్టలు, చెప్పులు, పుస్తకాలు, బొమ్మలు, ప్లాస్టిక్ సామాన్లు. చేత్తో పట్టుకెళ్లి ఇచ్చేవి. బీరువాని ఎవరు పట్టుకెళతారు? బరువైన సామాను దగ్గరికొచ్చేసరికి అందరూ ఆగిపోతారు.

అప్ప: పాత సామాన్లు కొంటామని మైకు పెట్టుకుని వస్తాడే, ఆ రిక్షా అబ్బాయి?

తమ్ముడు: ఇనుము, అట్టలు, ప్లాస్టిక్కు అయితే తూకమేసి డబ్బిస్తాడు. చెక్కకి తూకం లేదు. అమ్మ రోజుల్లో స్టీలు గిన్నెలావిడ గంప దించితే పాత చీరలిచ్చి గిన్నె తీసుకునేది. గంటసేపు బేరం. ఆ బేరంలో ఇద్దరూ సమానంగా కూర్చునేవాళ్లు, గమనించావా? వద్దనుకున్న చీరని ఆవిడ మొహమాటం లేకుండా పక్కకి తోసేసేది. బండి మీద ఊరికే వచ్చిన మంచాన్ని తోసేసే ధైర్యం పేదింటికి ఉండదు. అదే నా దిగులు.

అప్ప: అంటే అమ్మమంటావా? నాన్న మంచానికి ధర కడతావా నువ్వు?

తమ్ముడు: తక్కువ ధర. ఎందుకంటున్నానో విను. ఫ్రాన్సులో అబ్బే పియెర్ అని ఒక మతగురువు ఉండేవాడు. 1949లో పారిస్ పక్కన పాడుబడ్డ ఇంట్లో ఎమ్మాయుస్ అనే సంఘం మొదలుపెట్టాడు. చచ్చిపోదామనుకున్న ఒక మాజీ ఖైదీ ఆయనకి మొదటి తోడు. నీకివ్వడానికి నా దగ్గరేం లేదు, నాకు సాయం చెయ్యడానికి రా అని పిలిచాడట. దిక్కులేనివాళ్లంతా చేరి, ఊళ్లో జనం వద్దనుకున్న సామాను ఇంటింటికీ వెళ్లి తెచ్చేవాళ్లు. బాగుచేసి అమ్మేవాళ్లు. ఆ డబ్బుతోనే బతికేవాళ్లు, ఇళ్లు లేనివాళ్లకి ఇళ్లు కట్టేవాళ్లు. ఇప్పటికీ నడుస్తోంది. అమెరికాలో ఇంకా ముందే, 1902లో, బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే పాదిరీ గుడ్‌విల్ పెట్టింది కూడా ఇలాగే. పాత సామాను తెచ్చి, పనిలేనివాళ్లకి మరమ్మతు పని ఇచ్చి, తక్కువ ధరకి అమ్మడం. పాత మంచం వల్ల ముందు ఒక వడ్రంగికి పని దొరికింది, తరువాత ఇంకొకడికి మంచం దొరికింది. డబ్బిచ్చి కొన్నవాడు ఈ కాలు ఊగుతోందని నిలదీసి అడగగలడు.

అప్ప: విజయనగరంలో కూలి చేసుకునే మనిషి దగ్గర మంచానికి డబ్బు పుచ్చుకోవడానికి నాకు చెయ్యి రాదు.

తమ్ముడు: సరే, డబ్బు వద్దు. అన్షు గుప్తా 1999లో ఢిల్లీలో గూంజ్ అనే సంస్థ మొదలుపెట్టాడు, 2015లో మెగసెసె పురస్కారం వచ్చింది కదా. వాళ్లు పాత బట్టల్ని ఊరికే పంచరు. ఊరివాళ్లు చెరువు బాగుచేసుకుంటేనో దారి వేసుకుంటేనో, ఆ పనికి బదులుగా ఇస్తారు. ఎవరి ముందూ చెయ్యి చాపినట్టుండదు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో రోడ్ల పక్కన పాత బట్టలు గుట్టలుగా పడి ఉండటం దేశమంతా చూసింది. ఇచ్చినవాళ్లు మంచివాళ్లే. ఏం కావాలని అక్కడ అడిగినవాళ్లు లేరు, అంతే.

అప్ప: నువ్వు ఉద్దానంలో ఉన్నావు కదా, అక్కడేం అడిగారు?

తమ్ముడు: 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, ఎటు చూసినా కొబ్బరి చెట్లు, జీడి చెట్లు కూకటివేళ్లతో పడిపోయాయి. దారులు మూసుకుపోయాయి, కరెంటు లేదు. వాళ్లు అడిగినవి తాగే నీళ్లు, టార్పాలిన్లు, చెట్లు కొయ్యడానికి రంపాలు. ఆ వారంలో ఎవరైనా సోఫా పంపిస్తే దించుకోవడానికి తడవని చోటు లేదు. రెండు మూడు నెలలు పోయి, పైన రేకులు పడ్డాక అప్పుడు మంచాలు కావాలి, గింజలు దాచుకోవడానికి పెట్టెలు కావాలి. అప్పటికి ఇచ్చేవాళ్ల ఉత్సాహం చల్లారిపోయింది. ఇచ్చే రోజు, కావలసిన రోజు కలవవప్పా. సామాను విషయంలో అసలు కష్టం అదే.

అప్ప: కథలు రాసిన కారా మాస్టారు అలా చూసుకుంటూ కూర్చుంటే కథానిలయం అనే లైబ్రరీ వచ్చేదేటి? 1997లో ఈ ఊళ్లోనే కదా మొదలుపెట్టారు. అవార్డు డబ్బు అందులో పోశారు. చిత్తుకాగితాల కొట్టుకి పోవలసిన పాత పత్రికలు ఎవరింట్లో ఉన్నా వదల్లేదు. చిరిగింది, చెదపట్టింది అని వంక పెట్టలేదు. అక్కరలేదని జనం అనుకున్నదాంట్లోనే ఆయనకి తెలుగు కథంతా దొరికింది.

తమ్ముడు: ఆ మాటే నా వైపు సాక్ష్యం చెబుతుంది. ఆయనకి ఏం కావాలో ముందే తెలుసు. అచ్చయిన ప్రతి తెలుగు కథా కావాలి. ఏ సంచిక ఉందో ఏది లేదో జాబితా ఉంది, పెట్టడానికి చోటుంది. కావలసినదాన్ని వెతుక్కుంటూ ఆయనే వెళ్లారు. మన బండి కుర్రాళ్ల దగ్గర ఆ జాబితా ఉందా? ఎవరికి ఏం కావాలో రాసుకున్న కాగితం ఒకటుంటే, ఆదివారం నేనే ముందు నిలబడి మోస్తాను.

అప్ప: జాబితా మనం ఇద్దాం. నేను ముప్ఫై ఏళ్లు పిల్లల ఇళ్లకి తిరిగినదాన్ని. ఎవరింట్లో ఏముందో నాకు తెలుసు. కాలనీ ఇళ్లల్లో కావలసింది మడత మంచం, గోడకి ఆనించే సన్నటి బీరువా, పిల్ల చదువుకునే చిన్న బల్ల. అద్దెకుండేవాళ్లు ఏడాదికో ఇల్లు మారతారు, ఇద్దరు ఎత్తగలిగే సామానే కావాలి. ఎండాకాలం వస్తే పూరిళ్లు అంటుకుంటాయి, తీరం ఊళ్లల్లో వరసంతా కాలిపోతాది. వాళ్లకి బియ్యం ఇస్తారు, బట్టలు ఇస్తారు. రేషను కార్డు, భూమి కాగితం దాచుకోవడానికి తాళం పడే రేకు పెట్టె ఎవరూ ఇవ్వరు. మనింట్లో అటక మీద నాలుగున్నాయి.

తమ్ముడు: చూశావా, సామాను జాబితాలోకి రాగానే పందిరి మంచం కిందకి పోయింది, రేకు పెట్టె పైకొచ్చింది. మరి ఆస్పత్రి మంచం?

అప్ప: దాని గురించే ఎక్కువ ఆలోచిస్తున్నాను. తల వేపు ఎత్తుకునే మంచం, కమోడు కుర్చీ, వాకరు. నాన్న వాడింది ఎనిమిది నెలలు. కొత్తగా ఉన్నాయి.

తమ్ముడు: ఆ మూడూ ఉద్దానంలో కిడ్నీ జబ్బువాళ్ల ఇళ్లకి పోవాలి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండొందల పడకల ఆస్పత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి, చుట్టుపక్కల డయాలసిస్ కేంద్రాలున్నాయి. అక్కడ నాలుగేసి గంటలు పడుకుని, రక్తం శుద్ధి చేయించుకుని, బస్సులోనో ఆటోలోనో ఇంటికొస్తారు. ఇంటికొచ్చాక ఎక్కడ పడుకుంటారు? చాలామందికి నేలమీద చాపే. లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. కాళ్లు వాచిన మనిషికి, ఊపిరాడని మనిషికి తల ఎత్తి పడుకునే మంచం ఎంత సుఖమో నాన్న దగ్గర చూశాం. ఈ పడక కుర్చీ కూడా అలాంటి ఇంటికే. గుడ్డ మార్పించి, చేతులు బిగిస్తే ఇంకో తరం వస్తుంది.

అప్ప: మనిషి పోయిన మంచమని తీసుకోరేమో.

తమ్ముడు: చెప్పే ఇవ్వాలి. దాచి ఇవ్వకూడదు. వద్దంటే వాళ్లిష్టం.

అప్ప: చెబుదాం. ఆస్పత్రిలో ఏ మంచం మీద ఎవరూ పోలేదేటని కూడా నేనే అడుగుతాను. కడిగి, ఎండబెట్టి, కొత్త పరుపు వేసి ఇస్తే కాదనరు. అయితే ఒకటి. ఆ మంచం ఇవ్వకూడదు, వాడుకోమని అప్పగించాలి. వాళ్లకి అవసరం తీరాక ఇంకో ఇంటికి వెళ్లాలి. ఆ మంచం మళ్లీ ఇంకొకళ్ల అటక మీద తుప్పుపడితే మనం చేసిందేటి?

తమ్ముడు: ఇది నాకు తట్టలేదు.

అప్ప: బడిలో పాఠ్యపుస్తకాలు ఏడాది చివర వెనక్కి తీసుకుని కిందితరగతి వాళ్లకిచ్చేదాన్ని. పేరు, తేదీ రాయించుకునేదాన్ని. ఇది మంచం, అంతే తేడా. ఒక నోటుబుక్కు చాలు. ఎవరి దగ్గరుందో, ఎప్పుడు తీసుకున్నారో, బాగుందో లేదో. ధర గొడవా ఉండదు, చెయ్యి చాపడమూ ఉండదు.

తమ్ముడు: ఆస్పత్రి సామానుకి సరే. బీరువాలకీ, పందిరి మంచానికీ మాత్రం నా మాట ధరే. ఆ టేకు కొనేవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. పాత కలప అమ్మే కొట్లవాళ్లు చూడగానే ఎగబడతారు. అమ్మేసి, ఆ డబ్బు మడత మంచాలకి పెడదాం.

అప్ప: అమ్మ పడుకున్న మంచం కోతమిల్లుకి పోతాదా?

తమ్ముడు: కోతమిల్లుకి పోకుండా అలాగే వాడుకునేవాళ్లని నువ్వు చూపిస్తే వాళ్లకే.

అప్ప: సంక్రాంతిదాకా గడువియ్యి, చూపిస్తాను. నువ్వు ధరమాట ఎత్తినప్పుడల్లా నేనొప్పుకోను, అది వేరే సంగతి.

తమ్ముడు: ఇంకో మాట. దానానికి పన్ను మినహాయింపు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకు. లెక్కలోకొచ్చేది డబ్బు రూపంలో ఇచ్చిందే. సామానుకి రాదు.

అప్ప: దానికోసం ఎవరు చూశార్రా. గోడౌను సంగతి చెప్పు. ఇచ్చే రోజు, కావలసిన రోజు కలవవన్నావు. మధ్యలో ఎక్కడ పెడతారు?

తమ్ముడు: అద్దెకి తీసుకోవాలంటే ఆ కుర్రాళ్ల వల్ల కాదు.

అప్ప: ఈ వీధిలో తాళాలేసిన ఇళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టావా? ఒక్కో ఇంటి ముందుగది ఇస్తే చాలు. చెదలు రాకుండా కింద ఇటుకలు పెట్టి, వానాకాలంలో వారానికోసారి తలుపులు తెరిచి గాలి తగలనియ్యాలి. ఇల్లు చూసుకునేవాళ్లు దొరికారని అమెరికాలో పిల్లలే సంతోషిస్తారు. మనిల్లు రిజిస్ట్రేషను సంక్రాంతి తర్వాతే అన్నారు కదా. ముందు మనదే తెరుద్దాం.

తమ్ముడు: అయితే ఆదివారం బండి?

అప్ప: రానీ. ఖాళీగా పంపొద్దు. అటక మీద పెట్టెలు నాలుగూ పంపుదాం. మా వీధిలో ఆవిడ పైగది సామాను దింపి ఇక్కడికి చేర్చమని చెబుదాం, ఆ రోజుకి అదే పెద్ద పని. పడక కుర్చీకి వడ్రంగిని శనివారమే పిలు. సోఫా మాత్రం మనమే విప్పి, గుడ్డ వేరు, చెక్క వేరు చేసి మున్సిపాలిటీ బండికి ఇవ్వాలి. అది ఆ కుర్రాళ్ల మెడకి తగిలించకు.

తమ్ముడు: డీజిలు, కలాసీల కూలి, వడ్రంగి కూలి?

అప్ప: ఇంటి అడ్వాన్సు వచ్చింది కదా, అందులోంచి ముందు తీసి పక్కన పెట్టు. నా వాటాలోంచి సగం, నీ వాటాలోంచి సగం.

తమ్ముడు: ఆవిడ సామాను దింపిన కూలి కూడానా?

అప్ప: అది కూడా. మూడు మంచాలు, డ్రెస్సింగు బల్ల. మేడమెట్లు ఇరుకు, నలుగురు చాలరు, ఆరుగురిని మాట్లాడు.